మీకు తెలుసా? బ్యాలెన్సింగ్ మెషిన్ సున్నా చూపించినా స్టీరింగ్ వణకొచ్చు

కొత్త అల్లాయ్ చక్రాలు బిగించిన కారు మణికొండ సందుల్లో ఎప్పుడూ బాగానే నడుస్తుంది. మర్రిచెట్టు జంక్షన్ దగ్గర గానీ, పైప్‌లైన్ రోడ్డులో గానీ 30, 40 దాటి వెళ్లే వీలే దొరకదు. అసలు సంగతి నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక బయటపడుతుంది. 80 దాటగానే స్టీరింగ్‌లో సన్నగా జలదరింపు. 95, 100 దగ్గర చేతులకు స్పష్టంగా తెలిసే వణుకు. ఇంకాస్త వేగం పెంచితే మళ్లీ కొంత తగ్గినట్టు ఉంటుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు వెళ్లి వచ్చే దారిలో ఇది గమనించినవాళ్లు మర్నాడు టైర్ల షాపుకు వెళ్తారు. అక్కడి కుర్రాడు చక్రాలు విప్పి మళ్లీ బ్యాలెన్సింగ్ మెషిన్ మీద తిప్పుతాడు. తెర మీద రెండు సున్నాలు వస్తాయి. "చక్రంలో ఏమీ లేదు సార్" అంటాడు. మళ్లీ ఔటర్ ఎక్కితే మళ్లీ అదే వణుకు.

ఆ కుర్రాడు చెప్పింది నిజమే, మెషిన్ చూపించిందీ నిజమే. కాకపోతే చక్రం మెషిన్ మీద ఉన్నప్పుడు ఎలా తిరిగిందో మాత్రమే ఆ సున్నాలు చెబుతాయి. అదే చక్రం మీ కారు మీద ఎలా కూర్చుందో వాటికి తెలియదు. కొత్త చక్రాలు వేసుకున్నాక వచ్చే వణుకులో చాలా భాగం ఈ తేడా దగ్గరే పుడుతుంది. డబ్బూ ఓపికా ఖర్చు చేసి బ్యాలెన్సింగ్ మీద బ్యాలెన్సింగ్ చేయించుకునేవాళ్ల కోసమే ఈ వారం కబుర్లు.

మెషిన్‌కు ఒక కేంద్రం, కారుకు ఇంకో కేంద్రం

బ్యాలెన్సింగ్ మెషిన్ చక్రాన్ని నడిమి రంధ్రం ఆధారంగా పట్టుకుంటుంది. షాఫ్ట్ మీద శంకువు ఆకారంలో ఉన్న ఇనుప దిమ్మను ఆ రంధ్రంలోకి జొప్పించి బిగిస్తారు. శంకువు కాబట్టి రంధ్రం కొంచెం చిన్నదైనా పెద్దదైనా చక్రం కచ్చితంగా మధ్యకే వచ్చి నిలుస్తుంది.

కారు సంగతి వేరు. హబ్ మధ్యలో ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి అంచు ఒకటి ఉంటుంది. దాని కొలత మారదు. కంపెనీ ఇచ్చే చక్రం నడిమి రంధ్రాన్ని ఆ అంచుకు అతికినట్టు సరిపోయేలా కోస్తారు. చక్రాన్ని ఎత్తి పెట్టగానే దాని చోటు అదే వెతుక్కుంటుంది. నట్ల పని చక్రాన్ని హబ్‌కు గట్టిగా అదిమి ఉంచడమే.

బయట కొనే అల్లాయ్‌ల లెక్క ఇలా ఉండదు. ఒకే డిజైన్ పది రకాల కార్లకు అమ్ముడుపోవాలి కాబట్టి తయారీదారు నడిమి రంధ్రాన్ని పెద్దగానే ఉంచుతాడు. 67.1, 73.1 మిల్లీమీటర్ల రంధ్రాలు తరచూ కనిపిస్తాయి. మారుతి స్విఫ్ట్ హబ్ అంచు 54.1 మిల్లీమీటర్లు. హ్యుందాయ్ ఐ20దీ అంతే. హోండా సిటీకి 56.1, ఫోక్స్‌వాగన్ పోలోకి 57.1. స్విఫ్ట్ మీద 67.1 రంధ్రం ఉన్న అల్లాయ్ తొడిగితే చుట్టూ ఆరున్నర మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. చక్రాన్ని మధ్యలో నిలిపే భారం మొత్తం ఆ నాలుగు నట్ల మీద పడుతుంది. కుమ్మరి సారె మీద మట్టిముద్దను నడిమధ్యన నిలపకుండా తిప్పితే ఏం జరుగుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. ముద్దలో లోపం ఉండదు, పెట్టిన చోటులోనే ఉంటుంది.

దీనికి మందు చాలా చిన్నది. హబ్ రింగ్ అనే పలచటి ప్లాస్టిక్ లేదా అల్యూమినియం ఉంగరం. బయటి కొలత చక్రం రంధ్రానికి, లోపలి కొలత కారు హబ్‌కు సరిపోవాలి. స్విఫ్ట్ ఉదాహరణలో 67.1 నుంచి 54.1. ఇది బరువు మోయదు. నట్లు బిగించేదాకా చక్రాన్ని మధ్యలో పట్టి ఉంచడమే దీని పని, అందుకే మంచి ప్లాస్టిక్ అయినా సరిపోతుంది. నాలుగు రింగులకు అయ్యే ఖర్చు కొత్త అల్లాయ్ సెట్టు ధర పక్కన లెక్కలోకి రాదు. అయినా బిగించేటప్పుడు వాటి ఊసు ఎత్తని షాపులు ఎక్కువ. చక్రాలు కొనే రోజునే "అన్నా, హబ్ రింగులు వేస్తున్నారా?" అని అడగండి. వణుకు వచ్చాక అడగడం కన్నా అది ఎంతో నయం.

రింగులు లేని ప్రతి చక్రమూ వణుకుతుందని మాత్రం చెప్పలేం. శంకువు నట్లు నాలుగూ సమంగా కూర్చుంటే అవే చక్రాన్ని మధ్యకు లాక్కొస్తాయి. అలా ఏళ్ల తరబడి సాఫీగా నడిచే కార్లు ఉన్నాయి. సమంగా కూర్చోబెట్టడం ఒక పద్ధతి. దాని గురించి కిందే చెబుతాను.

పావు మిల్లీమీటరు ఎంత పని చేస్తుందంటే

టైరుతో కలిపి చక్రం బరువు 17 కిలోలు అనుకుందాం. అది హబ్ కేంద్రం నుంచి పావు మిల్లీమీటరు పక్కకు జరిగి కూర్చుంటే, రిమ్ అంచు దగ్గర 21 గ్రాముల బరువు అనవసరంగా అతికించినదానితో సమానం. 5 గ్రాముల తేడాకే మెషిన్ దగ్గర వెయిట్ అతికిస్తారు. ఇక్కడ 21 గ్రాములు ఎవరి కంటా పడకుండా చేరిపోయాయి.

195/55 ఆర్16 టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 14 సార్లకు పైగా తిరుగుతుంది. ఆ వేగంలో ఆ 21 గ్రాములు చక్రాన్ని బయటికి లాగే బలం సుమారు మూడున్నర కిలోల బరువంత. అదీ ఒకే దిక్కుకు కాదు, సెకనుకు 14 సార్లు పైకీ ముందుకూ కిందికీ వెనక్కీ. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగింతలవుతుంది. మణికొండ గల్లీలో 30 వేగంలో ఇదే బలం 300 గ్రాముల పైచిలుకే. ఊళ్లో ఏ తేడా లేకుండా నడిచిన కారు ఔటర్ మీద ఎందుకు వణుకుతుందో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు.

వేగం పెంచితే తగ్గిందంటే బాగైనట్టు కాదు

ముందు చక్రాలను మోసే సస్పెన్షన్‌కు, స్టీరింగ్ వ్యవస్థకు సహజంగా ఊగే వేగం ఒకటి ఉంటుంది. చాలా కార్లలో అది సెకనుకు 12 నుంచి 15 సార్ల మధ్య. చక్రం తిరిగే వేగం దానితో కలిసినప్పుడు చిన్న తేడా కూడా పెద్దగా తెలుస్తుంది. అందుకే 90, 110 మధ్య వణుకు ముదిరి, ఆ పైన కొంత సద్దుమణుగుతుంది. ఔటర్‌పై కుడివైపు రెండు లేన్లలో గరిష్ఠ వేగం 120 కాబట్టి, అక్కడికి చేరితే వణుకు పోతుంది కదా అనుకునేవాళ్లుంటారు. చక్రం మీద పడే బలం మాత్రం 120 దగ్గర ఇంకా ఎక్కువే. మన చేతులకు తెలియడం తగ్గుతుంది గానీ బేరింగులకు, బాల్ జాయింట్లకు తెలుస్తూనే ఉంటుంది.

ఇంకో చిన్న ఆధారం. టైరు కోడిగుడ్డులా కాస్త కోలగా ఉంటే ఒక చుట్టులో రెండుసార్లు తన్నుతుంది. అప్పుడు అదే వణుకు 100 దగ్గర కాకుండా 50 దగ్గరే మొదలవుతుంది.

ఎక్కడ వణికిందో ముందు గమనించండి

చేతుల్లో స్టీరింగ్ వణికితే ముందు చక్రాలను అనుమానించాలి. సీటు కింద, నేల కింద వణుకు తెలిస్తే వెనక చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే చక్రాలను వదిలేసి డిస్కులు చూడాలి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు వచ్చి, కాలు తీయగానే పోతే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు అరిగి ఉండొచ్చు. నిలకడగా ఒకే వేగంలో వెళ్తున్నా వణుకు వదలకపోతేనే చక్రమూ టైరూ ముద్దాయిలు.

షాపులో చెప్పేటప్పుడు "వైబ్రేషన్ వస్తోంది" అని ఊరుకోకుండా ఏ వేగంలో మొదలైంది, ఎక్కడ తగ్గింది, చేతికి తెలిసిందా సీటుకు తెలిసిందా చెబితే సగం పని మీరే చేసిపెట్టినట్టు.

అలైన్‌మెంట్ దీనికి మందు కాదు

స్టీరింగ్ ఏ తేడా చేసినా అలైన్‌మెంట్ చేయించండనే సలహా ముందుగా వస్తుంది. అలైన్‌మెంట్ అంటే చక్రాలు ఏ దిక్కుకు, ఏ వాలులో చూస్తున్నాయో సరిచేయడం. అది తప్పితే కారు ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. 100 వేగంలో వచ్చే వణుకు దానితో పోదు. ఈ విషయంలో మొహమాటపడకుండా వద్దని చెప్పొచ్చు.

పాత చక్రాలను అప్పుడే ఇచ్చేయకండి

వణుకుకు కారణం వెతకడంలో దీన్ని మించిన పరీక్ష నాకు కనిపించదు. కంపెనీ చక్రాలు తిరిగి బిగించి అదే రోడ్డు మీద, అదే వేగంలో నడపడం. వణుకు పోతే తప్పు కొత్త చక్రాల్లోనో, వాటిని బిగించిన తీరులోనో ఉంది. పోకపోతే ఆ చక్రాలను ఇంకో రోజు కూడా తిట్టనక్కర్లేదు, కారులోనే వెతకాలి. ఇంత తేలికగా దారి రెండుగా చీలే పరీక్ష మెకానిక్ పనిలో అరుదు.

కానీ మన దగ్గర చాలామంది కొత్తవి వేయించుకున్న చోటే పాతవి ఎక్స్‌చేంజ్‌కు ఇచ్చేస్తారు. ధర కాస్త తగ్గుతుంది, అపార్ట్‌మెంట్‌లో వాటిని పెట్టే చోటూ ఉండదు. ఆ ఇబ్బంది నిజమే. అయినా కనీసం ఒకసారి ఔటర్ మీద నార్సింగి నుంచి శంషాబాద్ దాకా నడిపి చూసేవరకైనా వాటిని చేతిలో ఉంచుకోండి. బాల్కనీలో నాలుగు టైర్లు కొన్నాళ్లు చోటు ఆక్రమిస్తాయి, అంతే.

పాతవి ఇప్పటికే వెళ్లిపోయి ఉంటే ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడండి. వణుకు స్టీరింగ్ వదిలి సీటులోకి వెళ్లిందంటే ముందునుంచి వెనక్కి వెళ్లిన ఆ రెండు చక్రాల్లో ఏదో ఒకటి దోషి. టైరు మీద తిరిగే దిక్కు చూపించే బాణం గుర్తుంటే ఒకే వైపు ముందువెనకలే మార్చాలి, కుడిఎడమలు మార్చకూడదు. స్టెప్నీతో పరీక్ష చేయాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. చాలా అల్లాయ్ కార్లకు స్టెప్నీ చిన్న సైజు ఇనుప చక్రం, దానిమీద 80 కిలోమీటర్లు దాటొద్దని స్టిక్కర్ ఉంటుంది. ఆ చక్రంతో ఈ పరీక్ష కుదరదు.

స్క్రూడ్రైవర్ చెప్పే సాక్ష్యం

ముందు చక్రాన్ని జాకీ మీద ఎత్తి, కింద స్టాండు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. రిమ్ అంచుకు వెంట్రుకవాసి దూరంలో స్క్రూడ్రైవర్ కొనను కదలకుండా పట్టి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. కొనకూ రిమ్‌కూ మధ్య సందు చుట్టంతా ఒకేలా ఉండాలి. పక్కలకు ఊగుతోందా, పైకీ కిందికీ ఎగురుతోందా అన్నది కంటికే తెలుస్తుంది. గ్యారేజీలో డయల్ గేజ్ ఉంటే ఇంకా మేలు, మిల్లీమీటరులో వందో వంతు దాకా చదువుతుంది.

ఇక్కడే ఒక కిటుకుంది. కారు మీద పైకీ కిందికీ ఎగిరిన రిమ్, బ్యాలెన్సింగ్ మెషిన్ మీద నిటారుగా తిరిగితే రిమ్ వంగలేదు, హబ్ మీద మధ్యలో కూర్చోలేదు. రెండు చోట్లా ఎగిరితే రిమ్మే వంకర. రిమ్ రెండు చోట్లా బాగా తిరిగి టైరు మాత్రమే ఎగిరితే లోపం టైరుది. మెషిన్ మీద తిరుగుతున్నప్పుడు తెర మీది అంకెలు చదివి ఊరుకోకుండా రిమ్ అంచును కూడా కంటితో చూడమని అడగండి. ఒక్క నిమిషం పని.

నట్లు బిగించే తీరు

చక్రాన్ని ఎత్తి పెట్టి, గాలి గన్‌తో ఒక నట్టును చివరిదాకా బిగించి, ఆ తర్వాత మిగతావి బిగిస్తే ఏమవుతుంది? మొదటి నట్టు చక్రాన్ని తన వైపు లాగేసుకుంటుంది. తర్వాతివి ఎంత బిగించినా అది కదలదు. హబ్ రింగ్ కూడా లేకపోతే పావు మిల్లీమీటరేమిటి, అంతకు మించే జరుగుతుంది.

కారు ఇంకా జాకీ మీదే ఉండగా, చక్రం గాల్లో ఉండగా నట్లన్నీ ముందు చేత్తో తిప్పాలి. తర్వాత స్పానర్‌తో ఎదురెదురు నట్లను కొద్దికొద్దిగా బిగిస్తూ రావాలి. కారు దించాక టార్క్ రెంచ్‌తో ముగించాలి. హోండా కార్లకు 108 న్యూటన్ మీటర్లు, చాలా హ్యుందాయ్ కార్లకు 107 నుంచి 127. అంటే మీటరు పొడవు కడ్డీ చివర 11 నుంచి 13 కిలోల బరువు వేలాడదీసినంత. మీ కారు అంకె మాన్యువల్‌లో ఉంటుంది. గన్ ఇంతకన్నా ఎంతో ఎక్కువ బిగించగలదు, ఎంత బిగించిందో చెప్పలేదు. కొత్త అల్లాయ్‌లైతే 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఒకసారి టార్క్ చూడాలి. కొత్త లోహం, పెయింటు నట్టు కింద కొంచెం అణుగుతాయి, పట్టు సడలుతుంది.

హెచ్చుతగ్గులుగా బిగించిన నట్లు వెంటనే బయటపడని ఇంకో నష్టం చేస్తాయి. చక్రం వెనక ఉన్న బ్రేక్ డిస్కు ఆ ఒత్తిడికి కొద్దిగా వంగుతుంది. వంగిన డిస్కు తిరిగిన ప్రతిసారీ ఒకేచోట ప్యాడ్‌కు రాసుకుని, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మందంలో తేడా వస్తుంది. అప్పుడు బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతుంది. దానికీ నెలల కిందటి టైర్ల షాపుకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

హబ్ ముఖం తుడిచారా?

పాత చక్రం తీయగానే హబ్ మీద తుప్పు పొరలు కనిపిస్తాయి. వాటిని తీగ బ్రష్‌తో గీకి తుడవకుండా కొత్త చక్రం పెడితే, మధ్యలో ఇరుక్కున్న ఒక చిన్న పెళ్ల చక్రాన్ని ఒక వైపు ఎత్తి ఉంచుతుంది. హబ్ దగ్గర ఆ ఎత్తు ఆవగింజంత ఉన్నా రిమ్ అంచుకు చేరేసరికి రెండు మూడింతలవుతుంది. డిస్కును పట్టి ఉంచే చిన్న స్క్రూ తల పైకి లేచి ఉన్నా ఇదే ఫలితం.

నట్టు అడుగు ఆకారం

నట్టు అడుగులు అన్నీ ఒకలా ఉండవు. బయట దొరికే అల్లాయ్‌లలో ఎక్కువ భాగానికి 60 డిగ్రీల శంకువు గుంట ఉంటుంది. చాలా హోండా కార్ల కంపెనీ నట్లకు అడుగు బంతిలా గుండ్రం. టొయోటా కంపెనీ అల్లాయ్‌లలో చాలావాటికి బల్లపరుపు వాషరుతో వచ్చే నట్లు. ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లకు నట్లు కాదు, గుండ్రటి అడుగున్న బోల్టులు. గుండ్రటి నట్టును శంకువు గుంటలో బిగిస్తే సన్నటి గీత వెంబడే ఆనుతుంది. గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, కానీ మధ్యకు రాదు, త్వరగా సడలుతుంది కూడా. ఇది వణుకుతో ఆగే తప్పు కాదు, చక్రం ఊడే ప్రమాదం. అల్లాయ్‌లతో పాటు వాటికి తగిన నట్లు కొనాల్సిందే. మర కూడా చూసుకోవాలి. మారుతి కార్లకు 12 మిల్లీమీటర్ల స్టడ్ మీద 1.25 మర, హ్యుందాయ్, హోండాలకు 1.5. ఒకదానిది ఇంకోదానికి గన్‌తో ఎక్కిస్తే స్టడ్ పాడవుతుంది.

ఫోనుతో కొలవొచ్చు

ఐటీ కారిడార్‌లో ఉన్నవాళ్లకు ఇది నచ్చుతుంది. జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ తయారుచేశారు. ఫోనులో ఉండే యాక్సిలరోమీటర్ లెక్కలను తీసుకుని, వణుకు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో గ్రాఫుగా చూపిస్తుంది. ఫోనును హ్యాండ్‌బ్రేక్ పక్కన గట్టి చోట టేపుతో అతికించి, పక్క సీటులో ఉన్నవాళ్లు రికార్డు చేయాలి. నడిపేవాళ్లు దాని జోలికి పోకూడదు.

ముందు చెప్పిన టైరు సైజుకు గంటకు 60లో చక్రం సెకనుకు 8.5 సార్లు, 80లో 11.4, 100లో 14.2 సార్లు తిరుగుతుంది. 100 దగ్గర గ్రాఫులో శిఖరం 14 దగ్గర కనిపిస్తే చుట్టుకు ఒక్కసారి వచ్చే తేడా. అంటే బ్యాలెన్స్, కేంద్రం తప్పడం, రిమ్ వంకర. 28 దగ్గర కనిపిస్తే చుట్టుకు రెండుసార్లు, అంటే టైరు కోలగా ఉందని అనుమానించాలి. ఇంజిన్ అంకె వేరేగా ఉంటుంది. 2,500 ఆర్‌పీఎంలో అది సెకనుకు దాదాపు 42 సార్లు తిరుగుతుంది, వేగం అదే ఉంచి గేరు మారిస్తే ఆ శిఖరం జరుగుతుంది. చక్రానిది జరగదు. వణుకు చక్రానిదా ఇంజిన్‌దా అన్న వాదన ఇక్కడితో తెగుతుంది.

వణుకును ఇలా అంకెలుగా చదివే పని కార్ల కంపెనీల్లో ఒక ప్రత్యేక శాఖ, ఎన్‌వీహెచ్ అంటారు. కార్లకు సంబంధించిన ఇంజినీరింగ్ పని మణికొండకు దూరమేమీ కాదు. హ్యుందాయ్ వారి ఇంజినీరింగ్ కేంద్రం హైటెక్ సిటీ దగ్గర ఉంది, స్టీరింగులూ ఛాసిస్ భాగాలూ తయారుచేసే జర్మనీ సంస్థ జెడ్ఎఫ్ 2017లో నానక్‌రాంగూడలో టెక్నాలజీ సెంటర్ తెరిచింది.

టైరు మీది రంగు చుక్కలు

కొత్త టైరు పక్క గోడ మీద పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలికైన చోటు. దాన్ని గాలి వాల్వు పక్కకు తెచ్చి ఎక్కిస్తే తక్కువ వెయిట్లతో బ్యాలెన్స్ కుదురుతుంది. ఎర్ర చుక్క టైరు బాగా గట్టిగా నెట్టే ఎత్తైన చోటు, రిమ్‌లో పల్లంగా ఉన్న చోటి దగ్గరకే రావాలి. బ్యాలెన్సింగ్‌కు 60, 80 గ్రాములు పడుతుంటే వెయిట్లు అతికించుకుంటూ పోకండి. గాలి తీసి, రిమ్ మీద టైరును సగం చుట్టు తిప్పి మళ్లీ చూడమనండి. చాలాసార్లు సగానికి సగం తగ్గుతుంది.

వానాకాలపు బురద

పుప్పాలగూడ, నార్సింగి చుట్టూ ఎటు చూసినా నిర్మాణాలే. వాన పడితే మట్టి, సిమెంటు నీళ్లు రోడ్డు మీదికి వస్తాయి. రిమ్ లోపలి గోడకు ఒకచోట పట్టిన బురద ముద్ద ఎండితే చాలు, నిన్నటిదాకా సాఫీగా ఉన్న కారు ఈరోజు వణుకుతుంది. షాపుకు వెళ్లే ముందు చక్రం లోపలి వైపు నీళ్లతో గట్టిగా కడిగి చూడండి. అతికించే వెయిట్లు ఊడిపోయాయేమో కూడా అప్పుడే చూడండి, ఊడిన చోట జిగురు మచ్చ మిగులుతుంది. బ్రేకు దుమ్ము తుడవకుండా అతికించిన వెయిట్లు ఎక్కువ కాలం నిలవవు.

వంగిన అల్లాయ్‌ను కాల్చి సరిచేయొచ్చా?

కార్ల అల్లాయ్‌లు చాలావరకు సిలికాన్, మెగ్నీషియం కలిపిన ఏ356 అల్యూమినియంతో పోత పోసి, తర్వాత వేడి చేసి, చల్లార్చి, మళ్లీ నిదానంగా వేడిచేసి బలం తెప్పిస్తారు. విశాఖలో సినర్జీస్ క్యాస్టింగ్స్ అనే సంస్థ ఇలాంటి చక్రాలను పోత పోసి విదేశీ కార్ల కంపెనీలకు కూడా పంపింది. అలా తెప్పించిన బలం రోడ్డు పక్కన గ్యాసు మంటతో రిమ్ కాల్చి సుత్తితో కొడితే ఆ చోట పోతుంది. పగులును వెల్డింగ్ చేస్తే ఇంకా ప్రమాదం. లోపలి అంచున కొద్దిపాటి వంకరను వేడి లేకుండా యంత్రంతో సరిచేసేవాళ్లున్నారు. అంతకు మించితే చక్రం మార్చడమే సరైనదని నా గట్టి అభిప్రాయం. కొనేటప్పుడే రిమ్ వెనక పోతలో గుర్తులు చూడండి. మన దేశంలో కార్ల చక్రాల ప్రమాణం ఐఎస్ 16192. జపాన్ ప్రమాణమైతే జేడబ్ల్యూఎల్ అని ఉంటుంది. ఏ గుర్తూ లేని చక్రం ఎంత అందంగా ఉన్నా, ఎంత చవకైనా వద్దు.

చక్రం బయటికి జరిగితే

అల్లాయ్ వెనక ఈటీ 45, ఈటీ 35 అని అంకె ఉంటుంది. అది తగ్గినకొద్దీ చక్రం అన్ని మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. చూడ్డానికి ఠీవిగా ఉంటుంది గానీ, చక్రం మీది ప్రతి చిన్న తోపూ స్టీరింగ్‌ను ఇంకాస్త ఎక్కువగా తిప్పజూస్తుంది. కంపెనీ చక్రంతో తెలియకుండా పోయిన చిన్న లోపాలు ఇలాంటి చక్రంతో చేతికి తెలుస్తాయి. ఈటీ అంకె కంపెనీ అంకెకు వీలైనంత దగ్గరగా ఎంచుకోండి.

చాలా రోజులు నిలిపిన కారు

ఇంటి నుంచే పని చేస్తూ కారును వారాల తరబడి సెల్లార్‌లో ఉంచితే టైరు నేలకు ఆనిన చోట చదునవుతుంది. తీయగానే వణుకుతుంది. పదిహేను, ఇరవై నిమిషాలు నడిచి టైరు వేడెక్కితే చాలావరకు పోతుంది. పోతే షాపుకు వెళ్లనక్కర్లేదు.

రోజురోజుకూ పెరిగే వణుకు

బ్యాలెన్స్ తప్పిన చక్రం ఈరోజు ఎంత వణికిందో వారం తర్వాతా దాదాపు అంతే వణుకుతుంది. కేంద్రం తప్పిన చక్రమూ అంతే. రోజురోజుకూ ముదురుతుంటే, లేదా 30, 40 వేగంలోనే కారు ఎగిరెగిరి పడుతుంటే అది వేరే జాతి. నట్లు సడలుతుండొచ్చు, టైరు లోపలి ఉక్కు తీగల పట్టీ విడిపోతుండొచ్చు. వెంటనే ఎడమకు తీసి, రోడ్డు అంచుకు దూరంగా సురక్షితమైన చోట ఆపి, నట్లు చేత్తో తిప్పి చూడండి. టైరు చుట్టూ, లోపలి వైపు కూడా ఉబ్బు ఉందేమో తడిమి చూడండి. నట్టు సడలి ఉంటే స్పానర్‌తో ఎదురెదురుగా బిగించి, దగ్గర్లోని షాపు దాకా మెల్లగా వెళ్లి అక్కడ టార్క్ చూపించండి. ఉబ్బిన టైరైతే స్టెప్నీ వేయండి. స్టడ్ ఒక్కటి విరిగి ఉన్నా ఆ చక్రం మీద ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు, టోయింగ్ బండిని పిలిపించండి.